వేల దాటని సముద్రం, వెనుకకు పారే నది

'నీరు పల్లమెరుగు' అన్నది తెలుగువారి నానుడి. చెరువు తూము నుండి కాలువకు, కాలువ నుండి మడికి నీరు ఒకే దిక్కుగా పోవడం తరతరాలుగా చూసినవారి అనుభవంలో నుండి పుట్టిన మాట అది. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల మెట్టప్రాంతాల నుండి మరమగ్గాల పనికై సూరత్ చేరిన కుటుంబాలు ఆ నానుడిని తమ వెంట తీసుకొనిపోయాయి. నగరానికి దక్షిణాన ఉధనా, పాండేసరాల పొరుగున ఉన్న బమ్రోలి అటువంటి మగ్గాల పేటలలో ఒకటి. సముద్రమెరుగని నేల నుండి అక్కడికి వెళ్లిన తెలుగువారికి తాపీనది చూపే మొదటి వింత ఒకటున్నది. నగరం దిగువన ఆ నది రోజుకు రెండుమార్లు నిలిచి, వెనుదిరిగి, తాను వచ్చిన దారినే ఎగువకు పారుతుంది.

స్థానికులు ఈ పోటును 'భరతీ' అనీ, ఆటును 'ఓట్' అనీ అంటారు. వారికిది నిత్యకృత్యం. పురావస్తు పరిశోధకునికి మాత్రం ఇది రెండు వేల సంవత్సరాల సాక్ష్యం గల విషయం. ఒక గ్రీకు నావికుని రచన, ఒక జాతకకథ, నాసిక్ గుహలోని ఒక బౌద్ధదానశాసనం ఈ తీరపు నీటిని మూడు వేర్వేరు కోణాల నుండి చూశాయి. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, బుద్ధుడు సముద్రాన్ని గూర్చి చెప్పినట్లు త్రిపిటకంలో ఉన్న ఒక ఉపమానం మనకు కొత్తగా అర్థమవుతుంది.

సముద్రపు ఎనిమిది అద్భుతాలు

అంగుత్తరనికాయంలోని అష్టకనిపాతంలో పహారాద సుత్తం ఉన్నది. వేరంజలో ఉన్న బుద్ధుని దర్శించడానికి పహారాదుడనే అసురాధిపతి వస్తాడు. అసురులు మహాసముద్రంలో ఏమి చూసి ఆనందిస్తారని బుద్ధుడు అడుగగా, అతడు ఎనిమిది ఆశ్చర్యకరమైన గుణాలను వివరిస్తాడు. సముద్రం క్రమక్రమంగా లోతవుతుంది, తన వేలను దాటదు, శవాన్ని ఉంచుకొనక ఒడ్డుకు చేరుస్తుంది, అందులో కలిసిన నదులు తమ పేర్లను విడుస్తాయి, ఎన్ని నీళ్లు చేరినా అది పెరగదు, తరగదు, దాని రుచి ఒక్కటే, ఉప్పు, అది రత్నాలకు నిలయం, మహాజీవులకు ఆవాసం. ఈ ఎనిమిదింటికీ సాటిగా బుద్ధుడు తన ధర్మవినయాలలోని ఎనిమిది గుణాలను చెబుతాడు. సముద్రం వేలను దాటనట్లే, శ్రావకులు ప్రాణాపాయంలో సైతం శిక్షాపదాలను దాటరన్నది వాటిలో రెండవది.

ఇదే ఉపమానం ఉదానంలోని ఉపోసథ సుత్తంలోనూ వస్తుంది. అక్కడ సన్నివేశం శ్రావస్తిలోని పూర్వారామం; సమయం ఉపోసథరాత్రి. సముద్రానికి వందల క్రోసుల దూరాన, గంగామైదానంలో కూర్చున్న సంఘానికి చెప్పిన మాట ఇది.

ఖంభాత్ సింధుశాఖ ఒడ్డున నిలిచినవానికి ఈ పట్టికలోని రెండవ అంశం దగ్గరనే సందేహం కలుగుతుంది. ఇక్కడ సముద్రం ఉదయం కంటికి కనబడనంత దూరం వెనుకకు పోతుంది. మధ్యాహ్నానికి పడవలను నేలమీది నుండి ఎత్తుకుంటుంది. నిన్న కట్టెపుల్ల గుచ్చి గుర్తుపెట్టిన చోటును నేడు దాటిపోతుంది. వేలను దాటని సముద్రం ఏది? ఉత్తరాది మైదానవాసులు సముద్రాన్ని చూడక చెప్పిన మాటగా దీనిని కొట్టివేయవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందు ఆ నీరు అలా ఎందుకు ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలి.

నీరు అంత ఎత్తు ఎందుకు లేస్తుంది?

ఆటుపోట్లకు మూలం చంద్రుని ఆకర్షణ, దానికి తోడు సూర్యుని ఆకర్షణ. చంద్రునికి ఎదురుగా ఉన్న భూభాగంలోను, దానికి సరిగ్గా వెనుకనున్న భాగంలోను సముద్రజలం కొంత ఉబ్బుతుంది. భూమి తిరుగుతున్నందున ఒక తీరం ఈ రెండు ఉబ్బుల కిందికీ వస్తుంది. అందువలన రోజుకు రెండు పోట్లు. ఆ లోగా చంద్రుడు కూడా తన కక్ష్యలో కొంత ముందుకు జరుగుతాడు కాబట్టి, ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య వ్యవధి 12 గంటలు కాక సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే నేటి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి తిథులలో సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలుస్తాయి. ఆ రోజులలోను, వాటిని అనుసరించే ఒకటి రెండు రోజులలోను పోటు మిక్కిలి ఎత్తుకు లేస్తుంది, ఆటు మిక్కిలి లోతుకు దిగుతుంది. అష్టమి ప్రాంతాన రెండు ఆకర్షణలూ అడ్డదిడ్డమై పోటు మందగిస్తుంది.

ఈ నియమం అన్ని తీరాలకూ సమానమే. అయినా మచిలీపట్నం, కాకినాడ తీరాలలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా సాధారణంగా రెండు మీటర్లను దాటదు. భావనగర్ వద్ద అదే తేడా పెద్ద పోటురోజులలో 10 మీటర్లను మించుతుంది. అది మూడంతస్తుల మేడ ఎత్తు. ప్రపంచంలో అత్యధికమైన పోటు, కెనడాలోని ఫండీ అఖాతంలో, సుమారు 16 మీటర్లు. ఖంభాత్ సింధుశాఖ కూడా ప్రపంచంలోని పెద్ద పోట్ల తీరాలలో ఒకటి.

దీనికి కారణం నేల ఆకృతి. గుజరాత్, ఉత్తర కొంకణ తీరాల ఎదుట సముద్రం చాలాదూరం వరకు లోతు తక్కువ. ఖండపు అంచు అక్కడ నీటి అడుగున సుమారు 300 కిలోమీటర్ల వరకు పరచుకొని ఉన్నది. ఆంధ్రతీరంలో దాని వెడల్పు ఇందులో చిన్న భాగం మాత్రమే. లోతైన సముద్రంలో మీటరు ఎత్తైనా లేని పోటుకెరటం ఈ మెరక మీదికి వచ్చినపుడు మందగించి ఎత్తు పెరుగుతుంది. ఆపైన సింధుశాఖ గరాటువలె లోపలికి పోనుపోను ఇరుకవుతుంది. విశాలమైన ముఖద్వారంలో ప్రవేశించిన నీరు ఇరుకుచోట పైకి లేవక తప్పదు. మూడవ కారణం కొంత సూక్ష్మమైనది. నీళ్లు నిండిన గంగాళాన్ని ఇద్దరు మోసుకొనిపోయేటపుడు, వారి అడుగుల లయ గంగాళంలోని నీటి ఊగిసలాట లయతో కలిస్తే నీరు అంచు దాటి చిమ్ముతుంది. ప్రతి జలాశయానికీ అటువంటి సహజమైన ఊపు ఒకటి ఉంటుంది. ఈ మెరకకూ సింధుశాఖకూ ఉన్న ఊపు చంద్రుడు తోసే లయకు దగ్గరగా ఉండడం వలన ప్రతి తోపూ బలపడుతుంది.

ఇప్పుడు తాపీ విషయం సులభం. పోటువేళ సముద్రపు నీటిమట్టం నదీముఖంలోని నీటిమట్టం కంటె ఎత్తవుతుంది. నీరు అప్పుడు కూడా పల్లానికే పోతుంది. పల్లమే తావు మార్చుకున్నది. మన నానుడి అబద్ధం కాలేదు. 1995లో సూరత్ వద్ద రాందేర్, సింగన్‌పోర్‌ల మధ్య కట్టిన అడ్డుకట్ట ఉప్పునీటిని అక్కడ ఆపి, నగరానికి మంచినీటిని కాపాడుతున్నది. దానికి దిగువన నది ఇప్పటికీ పోటుకు వెనుదిరుగుతుంది.

ఈ లయకు మనుషులకంటె ముందే అలవాటు పడిన జీవులున్నాయి. ఆటువేళ బయటపడే బురదనేలలలో సూరత్ ప్రాంతీయులు 'లెవటా' అని పిలిచే చేపలు కనబడతాయి. అవి ముందురెక్కల ఆధారంతో బురదమీద పాకుతాయి; తడిచర్మం ద్వారా, నోటిలోపలి పొర ద్వారా గాలిని పీల్చుకుంటాయి. సముద్రం దిగిపోయినపుడు అవి దానితో పోవు, మేతకు బయలుదేరుతాయి. ఇతర చేపలకు ఆపద అయిన సమయం వాటికి పనివేళ.

భరుకచ్ఛపు దారిచూపరులు

సూరత్‌కు ఉత్తరాన నర్మదాతీరంలోని నేటి భరూచ్, బౌద్ధవాఙ్మయంలోని భరుకచ్ఛం. గ్రీకులు దానిని బరిగజ అన్నారు. క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన 'పెరిప్లస్' అనే నౌకాయాన గ్రంథకర్త ఈ రేవును స్వయంగా ఎరిగినవాడని అతని వర్ణన తెలుపుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెరుగుతుందని, బరిగజ వద్ద అది మరెక్కడికంటె ఉగ్రమని, ఓడలు తేలిన చోట కొద్దిసేపటికే నేల కనబడుతుందని, నదులు తమ ప్రవాహానికి ఎదురుగా చాలాదూరం తోయబడతాయని అతడు వివరిస్తాడు. లంగరు సైతం ఆ వేగానికి నిలువదని, దూరాన సైన్యం కదలివస్తున్నట్లు హోరు వినబడుతుందని కూడా చెబుతాడు.

ఈ వర్ణనకంటె ముఖ్యమైనది దాని ముందున్న సమాచారం. రాజోద్యోగులైన స్థానిక జాలరులు పెద్దపడవలలో సౌరాష్ట్రతీరం వరకు ఎదురువెళ్లి, కొత్తగా వచ్చే ఓడలను మెరకల నడుమ నుండి తీసుకొనివచ్చేవారు. పోటు మొదలైనపుడు ఓడను లాగుకొని బయలుదేరి, ఆటువేళకు నదిలో లోతైన మడుగులున్న నిర్ణీతస్థలాలలో ఆగి, మరల పోటు వచ్చినపుడు కదిలేవారు. నదీముఖం నుండి రేవు సుమారు 300 స్టేడియాలు, అంటే దాదాపు 50 కిలోమీటర్లు. పరదేశి నావికునికి ప్రాణాంతకమైన నీరే స్థానిక జాలరికి ఓడను లాగే ఎద్దు అయింది. నీటి బలంలో తేడా లేదు. దాని వేళ తెలియడంలోనే తేడా ఉన్నది.

జాతకకథలలోని సుప్పారక జాతకం ఇదే భరుకచ్ఛంలో మొదలవుతుంది. బోధిసత్త్వుడు అక్కడ ఓడ నడిపేవారి పెద్దకు కుమారుడై జన్మించి, ఆ విద్యలో ఆరితేరి, ఉప్పునీటి తాకిడికి చూపు కోల్పోతాడు. అయినా వర్తకులు ఆయననే తమ ఓడకు నియామకునిగా వేడుకుంటారు. దారితప్పిన ఓడ ఒకదాని వెంట ఒకటిగా వింతసముద్రాలను దాటుతుంది. వర్తకులు కంటికి కనబడినదానిని చెబుతారు. అంధుడైన నియామకుడు అది ఏ సముద్రమో గుర్తిస్తాడు. చివరిదైన వలభాముఖంలో నీరు భయంకరమైన ధ్వనితో లేచి, నలువైపులా గోడలుగా నిలిచి, అగాధం తెరుచుకుంటుంది. ఈ కథను భౌగోళికవర్ణనగా చదవరాదు. కాని కన్నులకంటె జ్ఞాపకమూ శాస్త్రమూ నమ్మదగినవన్న దాని సారాంశానికి ఆ రేవుపట్టణం తగిన పుట్టినిల్లు. మెరకలన్నీ బురదనీటి కింద మరుగుపడే చోట, చూపు ఉన్నవాడు సైతం అంధుడే.

7వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని వర్ణించిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ అక్కడి ఉప్పునేలను, సముద్రజలాన్ని కాచి ఉప్పు తీసే ప్రజలను, సముద్రమే వారి జీవనాధారం కావడాన్ని పేర్కొన్నాడు. సుమారు 10 సంఘారామాలలో 300 మంది భిక్షువులు ఉన్నారని కూడా వ్రాశాడు. ఉపోసథం పాటించే భిక్షువులకు పౌర్ణమి, అమావాస్య, అష్టమి తిథులు నియమదినాలు. భరుకచ్ఛపు విహారవాసికి అవే తిథులు నీటి నియమదినాలు కూడా: మొదటి రెండూ పెద్దపోటుకు, అష్టమి చిన్నపోటుకు. శ్రావస్తిలో ఉపమానంగా విన్నదానిని అతడు కిటికీ నుండి చూడగలిగేవాడు.

నాసిక్ గుహలో తాపీనది

పెరిప్లస్ కాలానికి చెందిన ఈ తీరపాలకుడు క్షహరాత వంశీయుడైన నహపానుడు. తరువాత గౌతమీపుత్ర శాతకర్ణి అతనిని జయించి, అతని నాణేలపై తన ముద్రలు వేయించిన సంగతిని 1906లో నాసిక్ జిల్లా జోగళ్‌థెంబిలో దొరికిన నాణేలరాశి నిరూపించింది. నహపానుని అల్లుడు ఉషవదాతుడు నాసిక్ కొండపై బౌద్ధసంఘానికి ఒక గుహను దానమిచ్చాడు. నేడు 10వ సంఖ్యతో పిలువబడే ఆ గుహలోని శాసనాలలో తాపీనది పేరు ఉన్నది.

ఉషవదాతుడు భరుకచ్ఛం, దశపురం, గోవర్ధనం, శూర్పారకాలలో వసతిగృహాలు కట్టించాడు. ఇబా, పారదా, దమణ, తాపీ, కరబేణా, దాహనుకా నదులపై పుణ్యార్థం పడవలను ఏర్పాటుచేశాడు. అంటే దాటేవారికి రేవుసుంకం లేదు. ఆ నదుల ఇరుగట్లపైన విశ్రాంతిమండపాలను, చలివేంద్రాలను నిర్మించాడు. పారదా నేటి పార్ నది, దమణ నేటి దమన్‌గంగ, దాహనుకా నేటి దహాను వద్ద ఉన్నది. ఇవన్నీ శూర్పారకానికీ భరుకచ్ఛానికీ మధ్య తీరమార్గానికి అడ్డువచ్చే నీళ్లు. కాబట్టి ఈ జాబితాలోని తాపీరేవు కూడా తీరానికి సమీపాన, పోటు చేరే భాగంలోనే ఉండి ఉంటుందని భావించడం సమంజసం.

అలా భావిస్తే, ఇరుగట్లపై మండపం, చలివేంద్రం ఎందుకో తేటతెల్లమవుతుంది. పోటునదిని ఎప్పుడు పడితే అప్పుడు దాటరాదు. ఆటువేళ గట్టుకూ నీటికీ మధ్య మోకాలిలోతు బురద. పోటు ఉరికేవేళ పడవ నిలువదు. బాటసారి గంటలతరబడి వేచి ఉండాలి, అదీ తాగడానికి పనికిరాని ఉప్పునీటి పక్కన. పడవ ఒక్కటే ఇస్తే దానం సగమే అయ్యేది. నీడ, మంచినీరు కలిసినపుడే అది ఆ నది స్వభావమెరిగిన దానం అయింది.

అదే గుహలోని మరొక శాసనం మన బమ్రోలివారికి మరింత దగ్గరిది. ఉషవదాతుడు 3,000 కార్షాపణాలను అక్షయనిధిగా గోవర్ధనంలోని రెండు శ్రేణుల వద్ద ఉంచాడు. 2,000 నెలకు నూటికి ఒకటి వడ్డీపై, 1,000 నెలకు నూటికి ముప్పాతిక వడ్డీపై. మొదటి మొత్తపు వడ్డీ నుండి గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు తలకు 12 కార్షాపణాల వంతున చీవరాల ఖర్చు. ఆ రెండు శ్రేణులూ నేతగాండ్రవే. తాపీపై ఉచితంగా పడవలు నడిపించిన దాత, తన ధర్మనిధిని కాపాడగలవారని నమ్మినది మగ్గంవారిని.

2006, శ్రావణపౌర్ణమి

ఈ నీటివేళను మరచిన ఫలితం ఎంతటిదో సూరత్ ఇటీవలనే చూసింది. 2006 ఆగస్టు మొదటివారంలో తాపీ పరీవాహకప్రాంతంలో భారీవర్షాలు కురిశాయి. ఎగువనున్న ఉకాయి జలాశయం నిండి, 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని విడువవలసి వచ్చింది. ఆగస్టు 7 నుండి నగరం మునగసాగింది. ఆగస్టు 9 శ్రావణపౌర్ణమి. తీరప్రాంతపు జాలరులు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించే పండుగ. పద్మశాలీలకు జంధ్యాలు మార్చుకొనే నూలు పౌర్ణమి. సముద్రం పెద్దపోటులో ఉన్న రోజులు కూడా అవే. ఎగువ నుండి నది తోసుకొని వస్తూ ఉండగా, దిగువన సముద్రం తలుపు మూసింది. నగరంలో అధికభాగం నీటిపాలయింది. అనేకులు ప్రాణాలు కోల్పోయారు.

పోటు ఒక్కటే ఈ విపత్తుకు కారణం కాదు. జలాశయం నుండి నీటిని విడిచిన తీరు, నదీగర్భంలోనికి జరిగిన నిర్మాణాలు కూడా విమర్శకు గురి అయినవి. కాని పౌర్ణమి ఏనాడు వస్తుందో ఏడాది ముందే అందరికీ తెలుసు. వాన తెలియరానిది కావచ్చు. పోటు అటువంటిది కాదు. నగర దక్షిణభాగపు ఖాడీలు, అనగా మిండోలా నదివైపు పారే చిన్నవాగులు, నేటికీ వానాకాలంలో పోటువేళ నీటిని బయటకు పంపలేక వీధులలోనికి వెనుదన్నుతాయి.

ఇందులో సామాన్యగృహస్థు చేయగలిగిన పని ఒకటున్నది. తెలుగువారి ఇంట పంచాంగమో, తిథులు గల గోడ క్యాలెండరో ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యలూ వాటి తరువాతి రెండు రోజులూ పెద్దపోటు దినాలు. ఒకనాటి పోటుసమయం తెలిస్తే దినానికి 50 నిమిషాల వంతున కలుపుకొంటూ తరువాతి రోజుల సమయాన్ని ఇంచుమించుగా లెక్కించవచ్చు. పక్షం తిరిగేసరికి అది దాదాపు అదే గంటకు వస్తుంది. ఖచ్చితమైన లెక్కలకు భారత సర్వేక్షణశాఖ ఏటా ఆటుపోట్ల పట్టికలను ప్రచురిస్తున్నది. సముద్రసమాచారాన్ని దేశమంతటికీ అందించే జాతీయకేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాదులోనే. వానముసురు పట్టిన పౌర్ణమినాడు నేలపై ఉన్న నూలు బేళ్లను అటకపైకి చేర్చడానికి, వృద్ధులను మేడమీదికి తరలించడానికి ఈ పాటి జ్ఞానం చాలు.

వేల అంటే ఏది?

ఇక మొదటి సందేహానికి వద్దాము. సంస్కృత, పాళీ భాషలలో 'వేలా' శబ్దానికి తీరమనీ, హద్దనీ, సమయమనీ అర్థాలున్నాయి. సంస్కృతంలో పోటు అన్న అర్థం కూడా ఉన్నది. మన 'వేళ' దాని నుండి వచ్చినదే. తెలుగులో సముద్రపు హద్దును చెలియలికట్ట అంటాము. కట్ట అనగానే కదలని గీత ఒకటి మనసులో మెదులుతుంది. పహారాదుడు చెప్పిన వేలను కదలని గీతగా తీసుకుంటే ఖంభాత్ దానిని రోజుకు రెండుమార్లు అబద్ధం చేస్తుంది. దానిని హద్దూ వేళా రెండూ కలిసిన మాటగా తీసుకుంటే, ఆ ఉపమానానికి ఖంభాత్‌ను మించిన నిదర్శనం లేదు. పది మీటర్లు లేచే నీరు కూడా చెప్పిన వేళకు వస్తుంది, చెప్పిన వేళకు పోతుంది. సుత్తకర్త ఉద్దేశించినది ఇదేనని ఈ వ్యాసకర్త వాదించడం లేదు. తీరవాసి అయిన భిక్షువుకు అది ఇలా వినిపించే అవకాశం ఉన్నదని మాత్రమే చెప్పగలడు.

శిక్షాపదాన్ని దాటకపోవడమంటే కదలకుండా నిలిచిపోవడం కాదు. బలమంతా ఉండి కూడా తన మేరను ఎరిగి నడచుకోవడం. సముద్రం ఆ నియమాన్ని పాటిస్తూనే ఉన్నది. పాటించవలసినది, దాని వేళను తెలుసుకొని ఒడ్డున వేచి ఉండవలసినది మనుషులు. రెండువేల ఏండ్ల క్రిందట తాపీ ఇరుగట్లపై వెలసిన నీడా చలివేంద్రమూ ఆ సంగతి తెలిసినవారు కట్టించినవే.